తాళం తిప్పకముందు

“స్టార్ట్ చేయకండి బాబాయ్. ముందు బ్యాటరీ వైర్లు తీసేయండి” అంది జైనాబ్.

అప్పయ్య ఆమెను వింతగా చూశాడు. బందరు శివార్లలో ఉన్న అతని లారీల షెడ్డుకు ఆడవాళ్లు రావడమే తక్కువ. వచ్చి మెకానిక్‌కే పని చెప్పేవాళ్లు అసలు లేరు.

“ఇవన్నీ నీకెవరు చెప్పారమ్మా?”

“ఆయనే.”

ఆయనంటే అఫ్జల్, ఆమె భర్త. కృత్తివెన్ను చెరువుల నుంచి రొయ్యలు తోలే ఈ లారీకి కాగితాల మీద ఓనరు ఆమే అయినా, నడిపేదీ చూసుకునేదీ అతనే. మొన్నటి తుపానులో డ్రెయిను మీది చప్టా దాటుతుంటే లారీ నడిమధ్యలో ఆగిపోయింది. నీళ్లు క్యాబిన్ పైదాకా వచ్చేశాయి. జేసీబీతో బయటికి లాగేసరికి అఫ్జల్ స్టీరింగ్ ముందే ఉన్నాడు. బెల్టు విప్పుకునే వ్యవధి కూడా లేకపోయిందని అందరూ అనుకున్నారు.

ఆ పాడు దారిన ఎందుకొచ్చాడని మాత్రం ఎవరూ అడగలేదు. ఏడాది కిందట గుడివాడ రోడ్డులో ఒక స్కూలు పిల్ల అతని లారీ కింద పడి చనిపోయింది. తప్పు అతనిది కాదని కోర్టు తేల్చింది. పిల్ల తండ్రి కూడా అదే మాట అన్నాడు. అఫ్జల్ మాత్రం ఆ రోడ్డు మానేశాడు. తుపాను రోజున కూడా అటు తిరిగి రాలేక చప్టా దారి పట్టాడు, పాపం.

భర్త పోయాక గడువు తీరేదాకా ఇంటిపట్టున ఉండాల్సిన ఇద్దత్‌లో ఉన్న మనిషి గడప దాటడమేంటని చుట్టాలు గొణిగారు. నాలుగు నెలలు ఇంట్లో కూర్చుంటే ఇంజన్ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. కూతురు హీనా చదువుకైనా, ఇంట్లో పొయ్యి వెలగడానికైనా ఉన్న ఆధారం ఈ లారీ ఒక్కటే. గొణిగినవాళ్లలో ఎవరూ ఆ ఖర్చులు భరించేవాళ్లు కారు. అందుకే మరిది లాల్‌ని వెంటబెట్టుకుని వచ్చింది.

“తుక్కు కింద ఇచ్చేద్దాం వదినా. దీన్ని చూస్తూ ఎలా ఉంటావు?” అన్నాడు లాల్, లారీ వైపు చూడకుండా.

“ఉంటాను” అంది జైనాబ్.

ఆమె చెప్పిన వరసలోనే అప్పయ్య పని మొదలుపెట్టాడు. ఆయిల్ పుల్ల లాగితే పాలు ఎక్కువైన టీ రంగు అంటుకుని వచ్చింది. నీళ్లు చేరాయన్నమాట. గేర్‌బాక్సు ఆయిలూ అంతే, వెనక ఇరుసు హౌసింగ్‌లో ఆయిలూ అంతే. ఎయిర్ ఫిల్టర్ పిండితే బురద కారింది. బ్రేకు డ్రమ్ములు విప్పితే గుప్పెళ్ల కొద్దీ ఒండ్రు. అప్పయ్య ఆ బురదను నాలిక్కి తాకించి ఉమ్మేశాడు. ఉప్పు నీళ్లు. సముద్రం ఆటుపోట్లు తగిలే డ్రెయిను కదా, ముందు మంచినీళ్లతో కడగాలన్నాడు.

ఈ మాట కూడా అఫ్జల్ చెప్పాడు.

అతను ఇవన్నీ చెప్పిన రోజుకి వానలింకా మొదలవలేదు. ఎండ మాడ్చేస్తోంది. ఇంటి ముందు లారీ ఆపి, తాళం తీసి చొక్కా జేబులో వేసుకుని, అలవాటుగా పైన ఒకసారి తట్టుకున్నాడు. ఆమెను క్యాబిన్ మెట్టు మీద కూర్చోబెట్టాడు. లోతు నీళ్లలోంచి వచ్చిన బండికి ఏమేం చూసుకోవాలో ఒక్కొక్కటే చూపించాడు. మండుటెండలో ఈ వరద పాఠమేంటని ఆమె ఆటపట్టించింది. బండి నీ పేరు మీదే ఉంది, నీకు తెలియకపోతే ఎలా అన్నాడు. ఆ పిల్ల పోయిన తర్వాత అంతసేపు అతను మాట్లాడటం అదే మొదలు. మనిషి తేరుకుంటున్నాడని ఆమె ఎంత సంబరపడిందో.

“అసలు సంగతి రాడ్లమ్మా” అన్నాడు అప్పయ్య. “నడుస్తున్న ఇంజన్ నీళ్లు మింగితే లోపల పిస్టన్లను పైకి తోసే రాడ్లు వంగిపోతాయి. వంగాయంటే ఇక దీని మీద ఆశ వదులుకో. ఈ బండి నడుస్తూనే మునిగింది కాబట్టి నేను పెద్దగా ఆశ పెట్టను.”

జైనాబ్ తల ఊపింది. అదీ అఫ్జల్ చెప్పిందే.

ఇంజన్ మీది హెడ్ విప్పారు. అప్పయ్య చేత్తో ఇంజన్ తిప్పుతూ పిస్టన్లు ఎంతెత్తుకు వస్తున్నాయో చూశాడు. అన్నీ సమానంగా పైదాకా వచ్చాయి. నమ్మకం కుదరక మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే.

“ఒక్క రాడ్డూ వంగలేదు” అన్నాడు. “నీళ్లు రాకముందే బండి ఆపేసినట్టుందే.”

“ఎవరాపుతారు? నడుపుతూనే కదా పోయాడు” అన్నాడు లాల్ చిరాగ్గా.

“నా సర్వీసులో ఇలా చూడలేదు. నీ అదృష్టం తల్లీ” అన్నాడు అప్పయ్య.

అదృష్టం అన్న మాటకి జైనాబ్ ఏడ్చేసింది. చాలా రోజుల తర్వాత ఆ ఏడుపులో కాస్త తెరిపి కూడా ఉంది. లారీ బతికింది. హీనా చదువు ఆగదు. అతను పోతూ పోతూ కూడా తమను వీధిలో పెట్టలేదు.

కడిగి, ఆయిళ్లు మార్చి, అన్నీ బిగించడానికి వారం పట్టింది. పని పూర్తయిన రోజు జైనాబ్ మళ్లీ వచ్చింది. లారీ ముందు అద్దానికి లాల్ తడిగుడ్డ పెట్టి తుడుస్తున్నాడు. అప్పయ్య క్యాబిన్‌లోకి ఎక్కి కూర్చుని, తాళం కోసం కిటికీలోంచి చెయ్యి చాచాడు.

అఫ్జల్ చొక్కా జేబులో దొరికిన వస్తువులని ఆసుపత్రివాళ్లు ముడేసి ఇచ్చిన కవరును మొదటిసారి విప్పి, దువ్వెన పక్కనున్న బండి తాళాన్ని జైనాబ్ ఆ చేతిలో పెట్టబోయి ఆగిపోయింది.