శెనగగింజంత మందు

"ఇది పనిచెయ్యటం లేదండీ!" ఆదిశేషయ్య ఖాళీ లేహ్యం సీసా బల్ల మీద పెట్టాడు. "ఇంకా గట్టిది ఇవ్వండి."

"నీ వయసెంతయ్యా?" అన్నాడు వైద్యుడు రామ్మూర్తి.

"యాభై రెండు."

"ఆవిడకి?"

ఆదిశేషయ్య గోడకేసి చూశాడు. "ఇరవై నాలుగు. నూలు పర్మిట్టుకని ఇంట్లో అబద్ధం చెప్పి పెడన నించి బెజవాడ వచ్చానండీ. ఉత్త చేతుల్తో పంపకండి."

రామ్మూర్తి గొణుక్కుంటూ జాడీలోంచి నల్లటి ముద్ద తీసి ఆకులో పెట్టాడు. "చెట్టు మందే కదా అని తేలిగ్గా చూడకు. ఇన్నాళ్ళూ నువ్వు తిన్న అశ్వగంధ కాదిది. ఇందులో ఉమ్మెత్త గింజ ఉంది. రోజుకి శెనగగింజంత, అంతే."

పొట్లం కట్టే దారం కోసం ఆయన అటు తిరిగాడు. ఆదిశేషయ్య ఉసిరికాయంత మింగేశాడు.

అప్పుడే వీధి మెట్ల మీద గొంతు. "అయ్యగారున్నారా?"

చౌడేశ్వరి! గుడివాడలో అక్కగారింటికని పొద్దున్నే బయల్దేరిన తన పెళ్ళాం!

ఆదిశేషయ్య మూలికల గదికి కట్టిన గోనెపట్టా వెనక్కి దూరాడు. రామ్మూర్తికి ఇది కొత్త కాదు. ఈ మందుకొచ్చిన మగాళ్ళంతా ఆడగొంతు వింటే దూరేది అందులోకే.

లోపల గాలి లేదు. ఇంకో తలుపు లేదు. శొంఠి ఘాటుకి తుమ్ము ముంచుకొస్తోంది. ముక్కు నొక్కి పట్టుకున్నాడు. నోరు అప్పుడే పిడచ కట్టుకుపోతోంది.

"పొడి అయిపోయిందండీ," అంటోంది చౌడేశ్వరి. "నెల్నాళ్ళుగా మా ఆయన మజ్జిగలో కలుపుతున్నా. మనిషి చల్లబడ్డాడు. నా ప్రాణం హాయిగా ఉంది. ఇంకో రెండు పొట్లాలు కట్టండి."

ఆదిశేషయ్య పళ్ళు నూరి గోనెపట్టా పట్టుకున్నాడు. లాగితే, తనెందుకొచ్చాడో తనూ చెప్పాలి. వదిలేశాడు. గుండె మగ్గంలా టకటకా ఆడుతోంది.

"ఇంతకీ మీ ఆయన పేరేంటమ్మా? వచ్చినప్పుడల్లా అడుగుతాను, చెప్పవు."

"మొగుడి పేరు నోటితో ఎలా చెప్తానండీ, మీరు మరీను!"

"సరేలే. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. ఈ పొడి తాగేవాడి కడుపులో ఉమ్మెత్త పడకూడదు."

"ఉమ్మెత్తా!" చౌడేశ్వరి పకపకా నవ్వింది. "అదెవరు తింటారండీ, బుద్ధి లేనోళ్ళు కాకపోతే!"

"అంతేలే. తింటే మాత్రం విరుగుడు నా దగ్గర కూడా లేదు తల్లీ."