ముప్పై ఏడో బిళ్ళ

"అటు వద్దమ్మా, అన్నీ పొదలే. పాములుంటాయి," అన్నాడు కోట కాపలాదారు, మోకాళ్ళు పట్టుకుని ఆయాసపడుతూ.

ఆమె ఆగిపోయింది. దర్జీ పని మానుకుని ఈ కొండెక్కడం మూడేళ్ళలో ఇది పదకొండోసారి. కూలిన బురుజులు, పైకప్పుల్లేని గదులు. ఎటు చూసినా రాళ్ళే, మొగుడి జాడ మాత్రం లేదు.

"ఆ పొద్దున పోట్లాడాను బాబాయ్. ఎక్కడికైనా పో, పీడా విరగడవుతుందన్నాను. నా నోరు పడిపోను! తిన్నగా వచ్చి ఈ కోట ఎక్కాడు."

"ఎక్కాడు, దిగాడు. ఎన్నిసార్లు చెప్పను తల్లీ? ఎక్కేవాళ్ళకి నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇస్తాం. దిగేటప్పుడు తీసుకుని మేకుకి తగిలిస్తాం. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా కొండంతా వెతికాకే గేటుకి తాళం వెయ్యాలి. ఆ సాయంత్రం జడివాన. అయినా లెక్క సరిపోయింది."

పోలీసులూ అదే రాసుకున్నారు. అత్తగారైతే ఊరంతా చాటింది, కోడలి నోటికి జడిసి కొడుకు పారిపోయాడని.

ఇద్దరూ కిందికి దిగారు. గేటు పక్క గది గోడకి వరసగా మేకులు, నల్లబడ్డ బిళ్ళలు. ఆమె మొగుడి నంబరు, ముప్పై ఏడు ఒక్కటే తళతళలాడుతోంది.

"వచ్చినప్పుడల్లా పట్టుకుని రుద్దుతావుగా, మెరవక ఏం చేస్తుంది!" అన్నాడతను.

"రేపు కేసు మూసేస్తారట. పారిపోయాడని రాసి నన్ను సంతకం పెట్టమన్నారు. నిజం చెప్పు బాబాయ్, ఆయన దిగాడా?"

"దిగాడమ్మా. ఇంక రాకు. నీ బతుకు నువ్వు చూసుకో."

ఆమె గోడకి ఆనుకుని భోరున ఏడ్చింది. కాసేపటికి ముఖం తుడుచుకుంది.

"అంటే నన్ను వదిలేసే పోయాడు. సంతకం పెట్టేస్తాను. ఆ బిళ్ళ నాకిస్తావా? ఆయన చెయ్యి ఆఖరుసారి తగిలింది దానికే."

అతను బిళ్ళని మేకు నుంచి తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

తాళం వేసే వేళయింది. మేకు ఖాళీగా ఉంది. కాపలాదారు రేకు పెట్టెలోంచి నంబరు లేని కొత్త బిళ్ళ తీసి, సుత్తి అందుకున్నాడు.

ముప్పై ఏడు కొట్టడం అతనికిది రెండోసారి.