ముక్కుసూటి పాఠం

"బావుంది," అన్నాడు పళ్ళ డాక్టరు, గ్లాసు వాసన చూసి.

"బావుంది," అంది కోడలు.

"బావున్నట్టే ఉంది," అంది అత్తగారు, కోడలితో పూర్తిగా ఏకీభవించడం ఇష్టం లేక.

పంతులమ్మ గుండె జారింది. జిన్ రుచులు నేర్పే క్లాసులో ఆమెకిది మొదటి రోజు. మొదటి గ్లాసుకే పాఠం వెళ్ళి 'బావుంది' అనే బావిలో పడింది.

కింద జిన్ కాచే బట్టీ. పైన ఈ గదిలో బట్టీ పట్టిన పాఠం. రెండిటికీ యజమాని ఆమె మేనమామే.

"వచ్చినవాళ్ళు మళ్ళీ వస్తామన్నారా, క్లాసు నీది. లేదా, ఆ గదిలో ఖాళీ సీసాలు పెట్టిస్తా," అని పొద్దున్నే చెప్పేశాడాయన. ఆయన మాటంటే మూత బిగించినట్టే.

అప్పుడు గోడ పక్క కుర్చీలోంచి ఒక గొంతు లేచింది.

"బావుంది అనేది వాసన కాదు నాయనా, సర్టిఫికెట్టు. ఏం వాసన వచ్చిందో చెప్పండి."

ముక్కూ మొహం తెలియని పెద్దాయన. ఆలస్యంగా వచ్చి కూర్చున్నాడు. ఆయన గ్లాసు పోసింది పోసినట్టే ఉంది.

"చెప్తారు లెండి బాబాయిగారూ, తొందరేముంది," అంటూ పంతులమ్మ చరిత్రలోకి దూకింది. "మీరు చూసింది జిన్‌కి తాత లాంటిది. డచ్చి వాళ్ళది. జూనిపర్ అనే పొద కాయలు వేసి కాచేవారు. మొదట్లో మందుల షాపుల్లో అమ్మేవారు, కడుపునొప్పికి."

"మందుగా పుట్టి మందుగా స్థిరపడిందన్నమాట!" అన్నాడు డాక్టరు.

"మా ఆయన ఇప్పటికీ మందనే నమ్ముతారు," అంది అత్తగారు. "డోసే గుర్తుండదు."

గది నవ్వింది. పంతులమ్మకి ఊపిరి ఆడింది. రెండో గ్లాసు పోసింది.

"ఇది కొడుకు. లండన్ చేరాక నాసి సరుకు ఎక్కువైంది. ఆ నాసితనం నాసికకి తెలియకుండా తీపి కలిపారు."

"మా అత్తయ్య కూడా అంతే. తిట్టే ముందు కాస్త తీపి కలుపుతారు," అంది కోడలు.

"నీకు ఆ తీపి కూడా దండగే," అంది అత్తగారు.

మూడో గ్లాసు వచ్చింది.

"ఇది మనవడు. కాచే పద్ధతి బాగుపడ్డాక తీపి అవసరం తీరిపోయింది. లండన్ డ్రై అంటారు. లండన్‌లోనే చెయ్యాలనేం లేదు, ఇది మా బట్టీలోదే. ఇంకా బజారు మొహం చూడలేదు. గ్లాసుని అరచేత్తో మూసి, ఒకసారి తిప్పి, కాస్త దూరం నుంచి పీల్చండి. ముక్కు ముంచితే ఘాటు తప్ప ఇంకేమీ తెలీదు."

పెద్దాయన కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి కోడలి ఎదురుగా కూర్చున్నాడు.

"చెప్పమ్మా. సిగ్గుపడకు. తప్పైనా సరే."

కోడలు కళ్ళు మూసుకుంది. "అప్పుడే చెక్కిన పెన్సిలు."

"ఆహా! తర్వాత?"

"నారింజ తొక్క గోటితో గిల్లినట్టుంది."

"నారింజే ముందు," అంది అత్తగారు.

"పెన్సిలే ముందు అత్తయ్యా. నారింజ దాని వెనకాల నక్కి చూస్తోంది."

"ముక్కు నాది. నాకు తెలీదా?"

"ఇంకోసారి చూడండమ్మా, నా కోసం," అన్నాడు పెద్దాయన. ఆ గొంతులో అంత ఆత్రం ఎందుకో ఎవరికీ తెలియలేదు.

అత్తగారు చూసింది. కోడలు చూసింది. డాక్టరూ చూశాడు.

"సరే. పెన్సిలే ముందు," అంది అత్తగారు.

"అత్తాకోడళ్ళు ఏకమయ్యారంటే ఇక తిరుగులేదు!" పెద్దాయన బల్ల గుద్దాడు. "చివర్లో ఏమైనా మిగిలిందా?"

డాక్టరు ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. "మిరియం. వస్తానని లేచిన చుట్టం గుమ్మంలో ఆగి ఇంకో కబురు చెప్పినట్టు."

పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

పంతులమ్మకి ఒళ్ళు మండింది. క్లాసు తనదా, ఈయనదా?

"అందరి ముక్కులూ పిండేస్తున్నారు. మీకేం వచ్చిందో కూడా చెప్పండి బాబాయిగారూ. లేదంటే కాసేపు ఊరుకోండి."

"నాకు జలుబమ్మా."

"జలుబుతో వాసనల క్లాసుకా!" అంది అత్తగారు. "బట్టతలాయన దువ్వెన బేరమాడినట్టుంది."

అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే. నవ్వుతూనే లేచి, "వస్తా తల్లీ, పాఠం బాగా చెప్పావు," అని మెట్లు దిగిపోయాడు.

పీడ విరగడైందనుకుంది పంతులమ్మ.

వెళ్ళేటప్పుడు అత్తగారు, వచ్చే వారం చెల్లెల్ని కూడా తీసుకొస్తానంది. డాక్టరు తన నర్సులకీ కుర్చీలు ఉంచమన్నాడు. కోడలు దారంతా వాసనలు చెప్పుకుంటూ పోయింది.

మేనమామ పైకి వచ్చాడు. "నవ్వులు కిందికి వినబడ్డాయే! గెలిచావన్నమాట."

"గెలిచా మావయ్యా! ఒకాయన మాత్రం ప్రాణం తీశాడు. జలుబట. గ్లాసు ముట్టలేదు. నీకేం వచ్చింది, ఏది ముందు, ఏది వెనక అంటూ ఒకటే గోల. అదిగో, ఎదురు అరుగు మీంచి ఇప్పుడే లేచి పోతున్నాడు."

మేనమామ కిటికీలోంచి చూశాడు. పెద్దాయన ఈల వేస్తూ, చిన్నపిల్లాడిలా ఎగిరెగిరి నడుస్తూ, వీధి మలుపు తిరిగిపోయాడు.

"అయ్యో, ఆయనా! ఆపలేకపోయావుటే!"

"ఎందుకు? ఎవరాయన?"

"జబ్బు చేసి వాసన శక్తి పోయాక, ఒట్టి జ్ఞాపకం మీద ఆ మూడో జిన్‌కి పాళ్ళు కట్టింది ఆయనేనే, మేం బావుందని చెప్తే మొహమాటమనుకుని నమ్మలేదు, అదెలా కుదిరిందో ఇన్నాళ్ళకి ఇవాళే తెలుసుకున్నాడు."