కంపు అనే మాట

“చీకట్లో వచ్చిన మొగుణ్ణి రాణి కంపుని బట్టి పోల్చుకుందట,” అన్నాడు రచయిత, చేపల బజారులో అమ్మకం ముగించుకొచ్చిన భార్యతో.

“రాజు అంత కంపు కొట్టేవాడా?”

పాత కావ్యాన్ని నాటకంగా మారుస్తూ, పొద్దుటి నుంచీ ఆ ఒక్క మాట దగ్గరే గింజుకుంటున్నాడతను.

“అప్పట్లో మంచి వాసననీ కంపనే అనేవాళ్లు. ఇప్పుడలా అంటే జనం నవ్వుతారని పరిమళం అని మార్చేశాను.”

“మంచిమాట చెడ్డమాట ఎలా అయిందండీ?”

“ఏమో. ఎవరో ముక్కు మూసుకుని ఉంటారు.”

ఆమె గుమ్మం దాటలేదు. “మీలాగే,” అంది. “ఉండండి, స్నానం చేసొస్తాను.”

అప్పుడు చూసుకున్నాడు. తన చెయ్యి ముక్కు మీదే ఉంది.

“తర్వాత చేద్దువుగాని. ముందిలా వచ్చి కూర్చో,” అంటూ పరిమళాన్ని కొట్టేసి, కంపు అని రాశాడు.