కనురెప్పల నలుపు

రొట్టెల దుకాణం వరుసలో పెగ్గీ, ముందున్న ఎస్తర్‌ను మోచేత్తో పొడిచింది.

"మార్తా ఇంట్లో దిగిన కొత్త మనిషి. కళ్ళు చూడవే."

ఎస్తర్ చూసింది.

ముఖం శుభ్రంగా కడుక్కున్నాడు. రెప్పల అంచున మాత్రం బొగ్గు నలుపు కాటుకలా మిగిలింది.

గనిలోకి దిగినవాడికి తప్ప ఆ కాటుక రాదు.

కార్మికులు కూలి తగ్గింపుకు ఒప్పుకోలేదని యజమానులు గనికి తాళం వేసి ఆరు నెలలైంది. సముద్రం అడుగున సాగే గని అది; ఊరే నీళ్ళు రోజూ తోడకపోతే మునిగిపోతుంది. నీళ్ళు తోడేవాళ్ళు కూడా దిగకూడదని మూడు వారాల కిందట సంఘం తీర్మానించింది. బల్ల గుద్ది దాన్ని నెగ్గించింది ఎస్తర్ భర్త, కార్యదర్శి రాల్ఫ్.

"ఏ ఊరయ్యా?" ఎస్తర్ అడిగింది.

"కార్న్‌వాల్ అమ్మా. పెన్రోజ్ అంటారు."

"మా నోటి దగ్గర కూడు లాక్కోవడానికి అంత దూరం నుంచి వచ్చావా?"

దుకాణదారు అతని చేతిలోని రొట్టె వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆడవాళ్ళు పెనాలు, గరిటెలతో మార్తా గుమ్మం ముందు చేరారు. ద్రోహి ఇంటి ముందు మోత మోగించడం ఆ ఊరి వాడుక.

పెన్రోజ్ పెట్టెతో బయటికొచ్చాడు. గుంపు వెనకాల రాల్ఫ్ కనిపించాడు.

"కార్యదర్శిగారూ, మీరే చెప్పండి."

"ఇప్పుడు కాళ్ళు పట్టుకుంటున్నాడే!" పెగ్గీ నవ్వింది.

రాల్ఫ్ తల దించుకున్నాడు. "సంఘం మాటే నా మాట."

పెన్రోజ్ అతన్ని కాసేపు చూశాడు.

"వెళ్తాను. నాలుగు రోజులు. అంతకంటే ఆగదు."

"ఏది ఆగదు?" ఎస్తర్ గద్దించింది.

"సముద్రం."

"బెదిరిస్తున్నాడర్రోయ్!"

స్టేషన్ దాకా మోత ఆగలేదు.

నెల తర్వాత, ఆకలికి తాళలేక, మగవాళ్ళు తగ్గించిన కూలికే ఒప్పుకున్నారు. దీపాలు పట్టుకుని పనికి వెళ్ళినవాళ్ళు అరగంటలో తిరిగొచ్చారు.

"అంతా ఉప్పునీళ్ళే," అన్నాడు రాల్ఫ్, టోపీ తీయకుండానే కూలబడి. "గని మూసేస్తారట."

"యజమానులు ఇంకెవరితోనూ తోడించలేదా?" ఎస్తర్ అడిగింది.

"గుమాస్తాలను దింపారు. ఆ పాత పంపు వాళ్ళకి లొంగలేదు."

"పెన్రోజ్‌నే మళ్ళీ పిలవాల్సింది."

"పిలిచారు. రానన్నాడు."

"ఎందుకు రాడు? వాళ్ళ మనిషేగా?"

రాల్ఫ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"వాళ్ళ మనిషి కాదు ఎస్తర్. మన గని బతకాలని, ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకుని, నేనే రప్పించాను."