బావ గొంతు

ఇది రాయకపోతే కొంప మునగదని పోస్టుకార్డు పక్కన పెట్టాను గానీ, చెయ్యి ఊరుకోలేదు.

మా బావ ఇంట్లో వారంవారం ప్రార్థన కూడిక. బైబిలు వాక్యం చెప్పడం అక్కడికొచ్చే మా టైలరుకు బావ ఎంత నేర్పినా, "మీరుండగా నేనేంటన్నా!" అని తప్పించుకుంటాడు. అదే మన చొక్కా కత్తిరించేటప్పుడు మన మాటే వినడు!

ఈసారీ వాక్యం చెప్పడానికి లేవకపోతే ఇక లేవడని, బావ గొంతు పోయినట్టు సైగలు చేశాడు. టైలరు లేచి, ముందు ఆ గొంతు కోసమే అందరిచేతా ప్రార్థన చేయించాడు.

"ఎలా ఉందన్నా?"

తగ్గలేదంటే అతని మొదటి ప్రార్థనే వట్టిదవుతుంది. "తగ్గింది," అన్నాడు బావ.

"స్తోత్రం! అయితే మీరే చెప్పండి," అని టైలరు బైబిలు ఆయన ఒళ్ళో పెట్టేశాడు.

మా అక్క వచ్చి బావ కళ్ళజోడు ఊడబీకి, టైలరుతో అంది: "ఇది లేకపోతే ఈయనకి అక్షరం ఆనదు తమ్ముడూ. కళ్ళకి మాత్రం ప్రార్థన పెట్టకు."

టైలరు బైబిలు తెరిచాడు.