దూది దగ్గు

"రెండు డబ్బాలెందుకమ్మా? పరీక్ష మా పిల్లకేగా?" అంది అత్త.

"ఇంట్లో ఎంతమందుంటే అన్ని డబ్బాలు. రక్తం మాత్రం అమ్మాయిదే," అంది నర్సు. "బాగా దగ్గి కఫం ఇందులో ఉమ్మండి."

"నాకైతే డబ్బా దండగ. ముగ్గురు క్షయరోగుల్ని ఒంటిచేత్తో సాకాను. ఏనాడూ మంచం పట్టలేదు."

అంటూనే ఖళ్ళున దగ్గి డబ్బా అందించింది. మేనకోడలికి నవ్వాగలేదు.

"అడగ్గానే ఇచ్చేశావే!"

"ముప్పై ఏళ్ల దూది దగ్గు పిల్లా! పరుపులు కుట్టేవాళ్లకి సూదితో పాటే వస్తుంది."

వాళ్లది ఒకే గది. సగం దూది, సగం సంసారం. గాలికి దూది ఎగురుతుందని కిటికీ ఎప్పుడూ తెరవరు. ఆ గదిలోనే అత్త ఇద్దరు తమ్ముళ్లూ ఒకరి తర్వాత ఒకరు దగ్గి దగ్గి పోయారు. కిందటేడు మేనల్లుడు కూడా పోయాడు. ముగ్గురికీ ముద్దలు కలిపి తినిపించింది అత్తే. ఒక్క రాత్రి కూడా పక్క వదల్లేదు. చివరికి మిగిలింది మేనకోడలొక్కతే. ఒకే ఇంట్లో ఇన్ని చావులంటే వంశపారంపర్యంగా రక్తంలోనే ఏదో లోపం ఉండొచ్చని ఆసుపత్రివాళ్లే కబురు చేశారు.

వారం తర్వాత ఇద్దరూ ఫలితం కోసం వచ్చారు. మేనకోడలి సంచిలో ఉద్యోగం కాగితం ఉంది. వేరే ఊరు, హాస్టల్లో ఉండాలి, సోమవారం చేరాలి.

"రక్తం మంచిదని తేలితే పంపుతానన్నావు. మాట తప్పవుగా?"

"తప్పను. చెడ్డదని తేలితే నా కొంగు పట్టుకునే ఉండాలి."

"నీ గురక వింటూ ముసలిదాన్నైపోవాలా?"

"నా గురకకి భయపడే మనింటికి దొంగలు రావడం లేదు, తెలుసా?"

డాక్టరమ్మ లోపలికి పిలిచింది. బల్లమీద రెండు కాగితాలున్నాయి. మొదటిది చేతిలోకి తీసుకుంది.

"రక్తంలో లోపం ఉందమ్మా. క్షయ క్రిమి ఒంట్లో చేరితే తట్టుకునే శక్తి నీకు తక్కువ. పోయినవాళ్లకీ ఇదే ఉండి ఉంటుంది."

"అయితే సోమవారం ఉద్యోగానికి హాస్టల్‌కి వెళ్లలేనన్నమాట," అంటూ మేనకోడలు సంచి మూతి గట్టిగా బిగించింది. అత్త ఆమె తల నిమిరింది.

"ఏడవకు. నేను లేనూ?"

"ఇంకా జబ్బు రాలేదు. నీ కఫంలో క్రిమి లేదు," అంది డాక్టరమ్మ. "ముందుజాగ్రత్తకి మందులు రాస్తాను. సోమవారం దాకా ఆగకు. ఇవాళే హాస్టల్‌కి వెళ్లిపో."

అత్త గతుక్కుమంది.

"అదేం మాటండీ! ఇంత బలహీనమైన పిల్లని ఊరుగాని ఊరు పంపమంటారా? అక్కడ దగ్గేవాళ్లు ఎంతమందుంటారో! తమ్ముళ్లని చూసుకున్నట్టే చూసుకుంటాను. కంటికి రెప్పలా కాస్తాను. నా పక్కలోనే పడుకోబెట్టుకుంటాను..."

మాట పూర్తికాకుండానే దగ్గొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది.

డాక్టరమ్మ రెండో కాగితం వైపు చూసింది. సొరుగు లాగి మాస్కు తీసింది.

"ఇలా ఇవ్వండి," అని అత్త చెయ్యి చాపింది. "మా పిల్లకి నేనే కడతాను."

డాక్టరమ్మ లేచి వచ్చి, ఆ మాస్కు అత్త ముఖానికి కట్టింది.